తెల్ల గోడ మీద వెలుగు పడని చోటు

ఆ సాయంత్రం సన్నగా వాన పడుతోంది. సుక్రు మావయ్య ఇంట్లో, అనాసపళ్ళ బుట్టల మధ్య కూర్చుని, నేనొక పాత వీడియో ప్రొజెక్టరు మూత విప్పుతున్నాను. పొయ్యి మీద అంబలి ఉడుకుతోంది. ఇల్లంతా పొగ, మగ్గిన అనాస, తడి సున్నం కలిసిన వాసన.

సుక్రు నాకు మావయ్య కాడు. నాతో పాటు తిరిగే కనకకి మేనమామ. కురుపాం పైనున్న ఈ సవర పల్లె, ఎగువ సొండిగూడ, కనక పుట్టిన ఊరు. చిన్నప్పుడే తల్లి పోతే సుక్రు భార్య రాజకుమారి ఆమెను కొన్నాళ్ళు పెంచి, ఆశ్రమ పాఠశాలలో చేర్చింది. ఆ రాజకుమారి కూడా ఇప్పుడు లేదు. జ్వరమొస్తే డోలీ కట్టి మోసుకెళ్తుంటే దారిలోనే పోయింది. ఆస్పత్రి లేని చోట జ్వరం కూడా హత్యే. ఆ మాట నేను ప్రతి సభలోనూ చెబుతాను.

నాది సాలూరు. పేరు తరుణ్. మా బృందమంటే ఒక ప్రొజెక్టరు, ఒక స్పీకరు, ఒక చిన్న జనరేటరు, మేమిద్దరం. టీవీలు అమ్ముడుపోయాయి, పేపర్లు అమ్ముడుపోయాయి. ప్రజల కథ ప్రజల గోడ మీదే ఆడాలి. అదీ మా నమ్మకం.

మర్నాడు గ్రామసభ. ఈ కొండ నెత్తిన ఒక చెరువు, కింద ఒక చెరువు తవ్వి, నీళ్ళు పైకి ఎక్కించి కిందికి వదిలి కరెంటు తీస్తారట. కింది చెరువులో ఊరు మునుగుతుంది. అధికారులు వచ్చి చేతులెత్తమంటారు. ఊరు సరేనంటే ఇక ఊరు లేదు. అభివృద్ధి ఎవరికి, విధ్వంసం ఎవరికి అని నేనెంత అరిచినా, అప్పటికే సగం ఊరు మెత్తబడింది. ఇలాగే ఒప్పుకుని మునిగిపోయిన మరో ఊరి మనుషుల చేత మాట్లాడించి మేమొక సినిమా తీశాం. దాన్ని ఆ రాత్రి చూపించాలి. చూస్తే ఒప్పుకోరు. చూడకపోతే ఒప్పుకుంటారు. నాకు సంబంధించినంత వరకు ఆ రాత్రి అంతకు మించి ఏమీ లేదు.

కానీ దారిలో గెడ్డ దాటుతుంటే మా తెరగుడ్డ నీళ్ళలో కొట్టుకుపోయింది. ఆ ఊళ్ళో వెడల్పైన గోడ సుక్రు మావయ్య ఇంటి లోపలి గోడ ఒక్కటే. ఊరంతా కలిపినా ఒక బస్సు నిండదు, ఆ పొడవాటి ఇంట్లో అందరూ పడతారు. ఆయన అనాసపళ్ళు కావిడి వేసుకుని సంతకి వెళ్ళాడు. గోడేమో ఎర్రమట్టి గోడ. దాని మీద పిండితో గీసిన పాత బొమ్మ. పెద్ద ఇల్లు, ఇంట్లో పుల్లల్లాంటి మనుషులు. పొగచూరిపోయి సగం కనపడడం లేదు.

"అత్త కోసం ఏయించిన బొమ్మ," అంది కనక. "సచ్చిపోయినోళ్ళకి మావోళ్ళు గోడ మీద ఇల్లు గీత్తారు. ఆళ్ళు అందులో ఉంటారని."

"మరి సున్నం వేస్తే?"

ఆమె కాసేపు ఆ బొమ్మ వంక చూసింది. "పాతబడితే సెరిపేసి కొత్తది ఏసుకుంటారులే. మావయ్య వొచ్చాక సెప్దాం."

నేను కుంచె అందుకున్నాను. బతికున్నవాళ్ళ ఇళ్ళే మునిగిపోతుంటే చచ్చిపోయినవాళ్ళ ఇంటి గురించి ఆలోచించే తీరిక నాకు లేదు. పొద్దు వాలేలోపు గోడ తెల్లబడింది. పొయ్యి వేడికి పైపైన ఆరింది కూడా.

ఇక మిగిలింది ప్రొజెక్టరు.

సాలూరులో మూతబడిన ఒక కల్యాణమండపం నుంచి తెచ్చిన యంత్రం అది. ఈ పాతవాటన్నిటికీ ఒకటే జబ్బు. లోపల ఒక మెమరీ చిప్పు ఉంటుంది. బొమ్మ ఎంత పెద్దగా పడాలి, ఎటు తిరగాలి, అంచుల్లో ఎంత మేర చీకటిగా వదిలెయ్యాలి, అన్నీ అందులో ఉంటాయి. కరెంటు లేనప్పుడు కూడా అది మరిచిపోకుండా పక్కనే ఒక బటన్ సెల్లు కాపలా కాస్తుంది. ఏళ్ళు గడిచాక సెల్లు చచ్చిపోతుంది. అప్పట్నుంచి ఆపిన ప్రతిసారీ యంత్రం అన్నీ మరిచిపోతుంది. బొమ్మ తలకిందులుగా వస్తుంది, లేదా అసలు రాదు.

మల్టీమీటరు పెట్టి చూశాను. మూడు వోల్టులు ఉండాల్సిన సెల్లు సున్నా చూపిస్తోంది.

"ఏటి సేత్తన్నావు కామ్రేడూ? మూతి పెట్టి ముద్దెడతావేటి దాన్ని?" టార్చి పట్టుకున్న కనక వెక్కిరించింది. "బేగి కానీ. జనం అంబలి తాగేసి వొచ్చేత్తారు."

"నువ్వు టార్చి ఊపకుండా పట్టుకుంటే అయిపోతుంది, నాయకురాలా."

చచ్చిన సెల్లు ఊడదీసి బుట్ట మూత మీద పెట్టాను. కొత్తది దిగ్గొట్టాను. బయట అరుగు మీద జనరేటరు దడదడమని లేచింది. ప్రొజెక్టరు ఫ్యాను ఈల వేసింది. దీపం వేడెక్కుతుంటే దుమ్ము మాడిన వాసన. మెల్లగా, గోడ నిండా తెల్లటి వెలుగు పరుచుకుంది.

మధ్యలో తప్ప.

మధ్యలో ఒక నల్లటి మచ్చ. గుండ్రంగా లేదు. చుట్టూ నాలుగు పక్కలూ తిన్నగా ఉన్నాయి. పైన వాలుగా కప్పు. ఇల్లు.

"అది..." అంది కనక.

"చిప్పులో పాత చెత్త. అంచుల్ని చీకటిగా వదలమనే లెక్క ఒకటి ఉంటుంది, అది చెడి నడిమధ్యకి వచ్చింది," అన్నాను. నా గొంతు మామూలుగానే ఉంది. మెనూ తెరిచి చూశాను. చీకటిగా వదలమన్న చోటు ఏదీ లేదు. గోడంతా వెలుగు వెయ్యమనే ఉంది.

పద్ధతి ప్రకారం వెళ్ళాలి. లోపం గోడలోనా, యంత్రంలోనా? ప్రొజెక్టరుని పక్క గోడ వైపు తిప్పాను. మచ్చ కూడా దానితోపాటే జరిగి పక్క గోడ మీదికి వెళ్ళింది. హమ్మయ్య అనుకున్నాను. సున్నం వేసిన గోడ మీద టార్చి కొట్టించాను. శుభ్రంగా, తెల్లగా ఉంది. ఏమీ లేదు.

"చూశావా? యంత్రం లోపమే. భయం పాలకవర్గాల ఆయుధం, కనకా."

ఆమె నవ్వలేదు.

ప్రొజెక్టరు ఆపి, కొత్త సెల్లు తీసేసి, చిప్పు కాళ్ళలో రెంటిని తీగముక్కతో కలిపి ఉంచాను. ఇలా చేస్తే ఉన్న జ్ఞాపకమంతా తుడిచిపెట్టుకుపోవాలి. యంత్రం కొత్తగా పుట్టినట్టే. కాసేపాగి సెల్లు పెట్టి మళ్ళీ తెల్ల గోడ మీదికి వేశాను.

ఇల్లు అక్కడే ఉంది. ఈసారి ఇంకాస్త పెద్దదిగా. ఇందాక లేని సన్నటి వెలుగు గీత ఒకటి దాని మధ్యలో నిలువుగా... ఓరగా తీసిన తలుపులా.

ఆపాను. ఈసారి చిప్పునే పూర్తిగా ఊడబెరికాను. తీసి అరచేతిలో పెట్టుకున్నాను. ఇప్పుడు యంత్రానికి గుర్తుపెట్టుకునే చోటే లేదు. తప్పు చూపించి ఆగిపోవాలి, లేదా గోడంతా ఒట్టి తెల్ల వెలుగు వెయ్యాలి. మీట నొక్కాను.

ఫ్యాను తిరిగింది. వెలుగొచ్చింది.

ఇల్లు వచ్చింది.

తలుపు ఇంకొంచెం తెరుచుకుని ఉంది.

చిప్పు నా అరచేతిలో వెచ్చగా ఉంది. నా చెమటే అనుకున్నాను. ఏదో ఒకటి కొలవాలనిపించింది. అంకెలు చూస్తే మనసు కుదుటపడుతుంది. బుట్ట మూత మీదున్న చచ్చిన సెల్లుకి మల్టీమీటరు తగిలించాను. సున్నా చూపించిన సెల్లు. మూడు వోల్టులు. ఇంకా పెరుగుతోంది. మెల్లగా... ఎవరో ఊపిరి పీల్చుకుంటున్నట్టు.

దాన్ని వాకిట్లోకి విసిరేశాను.

"తరుణ్," కనక గుసగుసగా అంది. "ఆ సీకట్లో సెయ్యి పెట్టి సూడు."

"ఎందుకు?"

"సూడు."

గోడ దగ్గరికి వెళ్ళాను. నా వీపు మీద దీపం వేడి. నా నీడ గోడ మీద పెద్దగా లేచి, ఆ ఇంటి గుమ్మం ముందు నిలబడింది. మచ్చ అంచు పక్కన వేలు పెట్టాను. తడి సున్నం, గరుకు మట్టి. వేలు జరుపుతూ వచ్చాను. గోడ... గోడ... గోడ...

చీకటి మొదలైన చోట గోడ లేదు.

చెయ్యి లోపలికి వెళ్ళింది. మణికట్టు దాకా. మోచేతి దాకా. లోపల చల్లగా, చెమ్మచెమ్మగా ఉంది. చల్లారిన పొయ్యి వాసన. చాలామంది ఒకచోట కూర్చుంటే వచ్చే వెచ్చటి ఒంటి వాసన. చెయ్యి లాక్కున్నాను. వేళ్ళకి మసి అంటుకుని ఉంది.

అప్పుడే వెనక కావిడి కింద పడిన చప్పుడు.

సుక్రు మావయ్య గుమ్మంలో నిలబడి ఉన్నాడు. తడిసి ముద్దయ్యాడు. ఆయన కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. గోడ వంక చూస్తూ మెల్లగా కిందకి కూలబడ్డాడు.

"గోడకి సున్నం ఎవలేసినారు?"

"నేనే, మావయ్యా. సినిమా కోసం."

"ఏసేముందు లోపలోళ్ళకి సెప్పినావా?"

కనక తలదించుకుంది. ఆయన ఆమె వైపు తిరిగాడు.

"నువ్వు బడిలో పెరిగిన గుంటవి, నీకు తెల్దు. పాతిల్లు సెరపాలంటే ముందు కొత్తిల్లు గియ్యాల. గీసి, సూపించి, ఇటు రండి అని పిలవాల. అప్పుడు సెరపాల." ఆయన గోడ వైపు చెయ్యి చూపించాడు. "మీ అత్త ఒక్కతే కాదు. మా అమ్మ ఉంది. గెడ్డలో పోయినోళ్ళు, జొరాలకి పోయినోళ్ళు, ఎవలూ లేనోళ్ళు... అందరూ అందులోనే తలదాసుకున్నారు. ఇప్పుడు ఎక్కడికని పోతారు?"

"మావయ్యా, రేపు పొద్దున్నే మళ్ళీ వేయిద్దాం. ఒక్క రాత్రి..."

"మా ఊరు ముంచేటోళ్ళయినా నోటీసు ఇచ్చినారు బాబూ," అన్నాడు ఆయన.

ఆ మాట నా చెంప మీద పడింది. నాకు కోపం వచ్చింది, ఆయన మీద కాదు, ఎవరి మీదో తెలియని కోపం. బొమ్మలు గీసే సోంబరు గెడ్డ అవతలి ఊళ్ళో ఉంటాడు. గెడ్డ పొంగుతోంది. తెల్లారితే గాని రాలేడు. బయట అప్పటికే జనం చేరుతున్నారు. గొడుగులు, గోనెసంచులు, పిల్లల ఏడుపులు. సినిమా ఆపెయ్యమన్నాడు సుక్రు. ఆపితే రేపు ఊరు పోతుందన్నాను. ఆపకపోతే ఈ రాత్రే ఇంకేదో పోతుందన్నాడు. మా ఇద్దరి మధ్యా ఆ నల్లటి ఇల్లు వెలుగులో నిలబడి వింటోంది. తలుపు పూర్తిగా తెరుచుకుని ఉంది. లోపల చీకటి కంటే చిక్కటివి ఏవో కదులుతున్నాయి. సన్నగా, పుల్లల్లా. ఒకటి గుమ్మం దాటి వెలుగులో కాలు పెట్టింది. వెలుగు తగలగానే కనపడకుండా పోయింది. దాని వెనక ఇంకొకటి. అదీ కనపడకుండా పోయింది.

"బయటికి వొచ్చేత్తన్నారు," అన్నాడు సుక్రు. "ఇల్లు లేనోళ్ళు ఊరి మీద పడతారు. పసోళ్ళున్నారురా..."

చూరు కింద ఎక్కడో ఒక పసిబిడ్డ ఉన్నట్టుండి ఏడుపు ఆపేసింది.

కనక లేచింది.

"నేను సెప్తాను," అంది.

"కనకా, వద్దు."

ఆమె వినలేదు. ప్రొజెక్టరు ముందుకి వెళ్ళి, గోడకి ఎదురుగా, ఆ వెలుగు మధ్యలో నిలబడింది. నల్లటి ఇల్లు గోడ మీద నుంచి వచ్చి ఆమె వీపు మీద పడింది. సవర భాషలో ఏదో అంది. చిన్నపిల్ల బతిమాలుకున్నట్టు ఉంది ఆ గొంతు. నాకు 'అత్త' అన్నట్టుగా వినపడింది తప్ప ఇంకేమీ అర్థం కాలేదు.

సుక్రుకి అర్థమైంది. "అలా అనకే!" అని అరుస్తూ లేచాడు.

కానీ అప్పటికే ఆమె అనేసింది. గదిలో ఒక్కసారిగా గాలి లేచి, ఒకే వైపుకి, ఆమె వైపుకి వీచి ఆగిపోయింది. పొయ్యిలో మంట వంగి నిలబడింది.

కనక పక్కకి తప్పుకుంది. గోడంతా తెల్లటి వెలుగు. మచ్చ లేదు. ఇల్లు లేదు. ఏమీ లేదు.

"ఏమన్నావు?" అని అడిగాను.

"ఈ రాతిరికి నా కాడ ఉండండి అన్నాను," అంది. నవ్వబోయింది. "సూత్తావేటి? చిప్పు ఎట్టు. జనం తడిసిపోతన్నారు."

నేను చిప్పు పెట్టాను. చెప్పాలంటే, నాకు సంతోషం వేసింది. బొమ్మ అద్దంలా పడింది. మునిగిపోయిన ఊరి ముసలావిడ గోడ నిండా నిలబడి, తన పొలం మీద ఇప్పుడు పడవలు ఎలా తిరుగుతున్నాయో చెప్పింది. ఊరు ఊపిరి బిగబట్టి చూసింది. ఒకామె గట్టిగా ఏడ్చింది. మెత్తబడిన మగవాళ్ళు తలలు పైకెత్తారు. నేను గెలుస్తున్నాను అనుకున్నాను.

కనక నా పక్కనే, ప్రొజెక్టరు వెనక చీకట్లో కూర్చుని ఉంది. సినిమా సగంలో నాకు ఒక సంగతి తెలిసింది. నా పక్కనుంచి వస్తున్న ఊపిరి ఒకరిది కాదు. ఒకటి పొడవుగా, గురగురమంటూ. ఒకటి పొట్టిగా, తడబడుతూ. ఇంకొకటి దగ్గుని ఆపుకుంటున్నట్టు. ఫ్యాను చప్పుడు తగ్గినప్పుడల్లా అవి వినపడుతున్నాయి. నేను తల తిప్పలేదు.

"కనకా... బానే ఉన్నావా?"

ఆ ఊపిరుల మధ్య నుంచి జవాబు వచ్చింది.

"ఇరుకుగా ఉంది."

ఆ ఇంట్లో జనం కిక్కిరిసి ఉన్నారు. ఆమె దాని గురించే అందని నాకు నేను చెప్పుకున్నాను. ఆమె చుట్టూ మాత్రం ఖాళీ ఉంది. పిల్లలు కూడా ఆమెకి దూరంగా జరిగి కూర్చున్నారు.

తెల్లారేసరికి వాన వెలిసింది. కబురందుకున్న సోంబరు గెడ్డ తగ్గగానే వచ్చాడు. సున్నం మీద మళ్ళీ ఎర్రమట్టి మెత్తి, పిండిలో పుల్ల ముంచి, ఇల్లు గీశాడు. పెద్ద ఇల్లు. ఎప్పుడూ గీసినదాని కంటే పెద్దదని సుక్రు అన్నాడు. గుమ్మాలు, గుర్రాలు, సూర్యుడు, చంద్రుడు, దువ్వెన, కుండలు, వాళ్ళకి కావలసినవన్నీ గీశాడు. కింద అన్నం పెట్టి, కల్లు పోసి, పిలిచాడు. పిలిచి గుప్పెడు బియ్యం తడి గోడకేసి కొట్టాడు. వాళ్ళు లోపలికొస్తే గింజలు గోడకి అంటుకుంటాయట.

ఒక్క గింజ అంటుకోలేదు. అన్నీ రాలిపోయాయి.

సోంబరు మళ్ళీ పిలిచాడు. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ రాలాయి. ఆయన కనక వంక తిరిగి, ఆమెని కాకుండా ఆమె వెనక ఉన్నదేదో అడుగుతున్నట్టు, మెల్లగా ఏదో అడిగాడు. కనక పిండి తడి ఆరని ఆ ఇంటి వంక, నచ్చని చీర వంక చూసినట్టు చూసి, బయటికి నడిచింది.

"సభకి టైమైపోతంది, రా," అంది నాతో. గొంతు ఆమెదే.

సభ కొండవాలులో చదును చేసిన చోట. రాత్రి వానకి నేల బురద. పైన మాత్రం ఎండ ఫెళ్ళున కాస్తోంది. అధికారి గొడుగు కింద నిలబడి, కాగితం చూసి చదివాడు. జనం కదల్లేదు. ప్రాజెక్టుకి ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి అన్నాడు. ఒక్క చెయ్యి లేవలేదు. నా గుండె పొంగింది.

"ఒప్పుకోనివాళ్ళు?"

ఊరంతా చేతులెత్తింది. ముసలివాళ్ళు ఎత్తారు, చంకలో పిల్లల్ని పెట్టుకుని ఆడవాళ్ళు ఎత్తారు, సుక్రు మావయ్య ఎత్తాడు. ఇదీ ప్రజాస్వామ్యం! అని అరవాలనిపించింది. కనక నా పక్కనే నిలబడి కుడి చెయ్యి పైకెత్తింది.

అరవడానికి నోరు తెరిచాను. అప్పుడు నా చూపు కింద పడింది.

ఎండ మా వెనక నుంచి కాస్తోంది. నీడలు ముందుకి, బురద మీద పడి ఉన్నాయి. కనక ఎత్తింది ఒకటే చెయ్యి. ఆమె నీడకి చాలా చేతులున్నాయి. భుజాల నుంచి, నడుము నుంచి, మెడ పక్క నుంచి, కొమ్మల్లా లేచి ఉన్నాయి. కొన్ని బారుగా. కొన్ని వంకరపోయి. అన్నీ పైకే.

నేను ఆమె మొహం వంక చూశాను. ఆమె అధికారి వంక చూస్తోంది. ప్రశాంతంగా ఉంది.

"సరే సరే, దించండి," అన్నాడు అధికారి చిరాగ్గా. "తీర్మానం వీగిపోయింది. రాసుకున్నాం."

జనం కేకలు వేశారు. డప్పు మోగింది. చేతులన్నీ దిగాయి. కనక చెయ్యి దించింది. ఆమె నీడలో చేతులు కూడా ఒక్కొక్కటే దిగి, ముడుచుకుని, లోపలికి పోయాయి.

ఒకటి మిగిలింది.

అది కాసేపు అలాగే నిలబడింది. తర్వాత పక్కకి వంగింది. చోటు వెతుక్కుంటున్నట్టు, బురద మీద మెల్లగా పాకుతూ వచ్చింది. కనకకి ఆ పక్క నేను తప్ప ఎవరూ లేరు. దాని వేళ్ళు నా నీడ భుజం మీద ఆనాయి.

నేను వెనక్కి జరిగాను.

నా నీడ జరగలేదు.